టెనెబ్రియోనిడే: మధ్యలో ఆ ‘ని’ ఎక్కడిది?

మొన్న గోధుమపిండి జల్లిస్తూ అమ్మ కేకేసింది, “నీ చుట్టాలొచ్చారే!” అని. చూస్తే జల్లెడలో ఎర్రటి పిండి పురుగులు. జువాలజీ చెప్పేదాన్ని కదా, ఇంట్లో ఏ పురుగు కనబడినా నా ఖాతాలోనే.

వీటి పేరు ట్రైబోలియం కాస్టేనియం, కుటుంబం టెనెబ్రియోనిడే. రికార్డులు దిద్దేటప్పుడు నా ఎర్ర సిరా ఎక్కువగా అయిపోయేది ఈ కుటుంబం పేరు మీదే. ‘ని’ ఎగరగొట్టి ‘టెనెబ్రియోడే’ అని రాసేస్తారు.

లాటిన్‌లో తెనెబ్రే అంటే చీకటి. తెనెబ్రియో అంటే వెలుతురుకి మొహం చాటేసేవాడు, మోసగాడు అని కూడా. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఒక పురుగుకి టెనెబ్రియో మోలిటర్ అని పేరు పెట్టాడు. మోలిటర్ అంటే పిండిమర ఆడించేవాడు. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రెయ్ కుటుంబం పేరు కట్టింది ఈ టెనెబ్రియో మీదే.

ఇక ‘ని’ సంగతి. మనం ‘ఇల్లు దీపం’ అనం, ‘ఇంటి దీపం’ అంటాం. ‘నోరు మాట’ అనం, ‘నోటి మాట’ అంటాం. అలాగే లాటిన్‌లోనూ విభక్తి చేరితే తెనెబ్రియో కాస్తా తెనెబ్రియోనిస్ అవుతుంది. చివరి ‘ఇస్’ తీసేసి ‘ఇడే’ తగిలించండి. జంతువుల కుటుంబాల పేర్లన్నీ ఈ ‘ఇడే’తోనే ముగుస్తాయి.

టెనెబ్రియోనిడే అంటే ఇరవై వేలకు పైగా జాతులున్న మొత్తం కుటుంబం. కాబట్టి “ఒక టెనెబ్రియోనిడే దొరికింది” అనకండి. దొరికింది టెనెబ్రియోనిడ్. ఇంగ్లీషు రికార్డులో కుటుంబం పేరు పెద్ద అక్షరంతో మొదలుపెట్టండి, కింద గీత వద్దు. గీత ప్రజాతి (జీనస్) పేరుకీ జాతి (స్పీషీస్) పేరుకీ మాత్రమే. తెలుగులో పెద్దక్షరాలు లేవు గనక పక్కన ‘కుటుంబం’ అని రాస్తే చాలు.

‘చీకటి పురుగులు’ అని తెలుగు చేయొచ్చు గానీ, పేరుని నమ్మి పగటి పురుగుల్ని పక్కన పెట్టేయకండి. నమీబ్ ఎడారిలో ఈ కుటుంబం వాళ్లే కొందరు పట్టపగలు ఇసుక మీద పరుగులు తీస్తారు. పొగమంచులో తల కిందికి వంచి నిలబడి, ఒంటి మీద చేరిన నీళ్లని నోటికి జార్చుకునేవాళ్లూ ఉన్నారు.

పేరు రాసే ముందు మైక్రోస్కోపు కింద పాదాల కణుపులు లెక్కపెట్టండి. ముందు కాళ్లకి ఐదు, మధ్య కాళ్లకి ఐదు, వెనక కాళ్లకి నాలుగు ఉండాలి. తోటలో తిరిగే నల్లటి కారాబిడే కుటుంబం పురుగులకి అన్ని కాళ్లకీ ఐదే. 5-5-4 లెక్క వేరే కుటుంబాల్లోనూ ఉంది కాబట్టి మీసాల మొదలు కూడా చూడండి, తల అంచు కింద దాక్కుని ఉంటుంది. బియ్యంలో కనబడే ముక్కు పురుగుని మాత్రం దీంట్లో కలపొద్దు, దానిది వేరే కుటుంబం.

జల్లెడలోంచి చచ్చినదాన్నే ఏరుకోండి. బతికున్నది కణుపులు లెక్కపెట్టనివ్వదు.