నీల్ ఐలాండ్‌లో స్కూబా: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేసుకోవాలి

అండమాన్‌లో హావ్‌లాక్‌కి జనం ఎక్కువ. సందడి లేకుండా నాలుగు రోజులు ఉండి డైవింగ్ చేద్దామనుకునేవాళ్లు పక్కనున్న నీల్ ఐలాండ్‌కి వెళ్తారు. 2018 డిసెంబర్‌లో దీని పేరు షహీద్ ద్వీప్‌గా మారింది. ఫెర్రీ టికెట్ మీద కొత్త పేరు కనిపిస్తే కంగారు పడకండి. కూరగాయల తోటల మధ్య చిన్న రిసార్ట్‌లు, ఐదున్నరకల్లా చీకటి, తొమ్మిదికల్లా నిద్ర. ఇంత చిన్న ఊళ్లో ఒంట్లో తేడా చేస్తే పెద్దాసుపత్రి కోసం పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మారింది) పడవెక్కాల్సిందే. అందుకే ఏ ఇబ్బంది ఎందుకొస్తుందో ముందే తెలుసుకుని వెళ్లడం మేలు.

దిగీ దిగగానే చెవి పోటు

డైవింగ్ ట్రిప్పులు పాడయ్యేది ఎక్కువగా చెవుల వల్లే. షార్క్‌ల వల్ల కాదు.

నీటిలో 10 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. కర్ణభేరి వెనకున్న గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఆ లోటును గొంతు వైపు నుంచి చెవికి వెళ్లే సన్నటి గొట్టం ద్వారా పూడ్చాలి. లేకపోతే కర్ణభేరి లోపలికి లాక్కుపోయి నొప్పి పుడుతుంది. తమాషా ఏమిటంటే, ఈ మార్పు లోతులో కంటే మొదటి కొన్ని మీటర్లలోనే ఎక్కువ. అందుకే రెండు మీటర్లకే చెవి పట్టేసినవాళ్లు "నాకు లోతు పడదు" అనుకుంటారు. లోతుకి వాళ్లింకా వెళ్లనే లేదు.

చేయాల్సింది: ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదడం. ఇది నొప్పి పుట్టాక కాదు, నీటి పైన ఉండగానే ఒకసారి చేసి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకీ చేస్తూ దిగాలి. తలకిందులుగా కాకుండా కాళ్లు ముందుగా, తాడు పట్టుకుని దిగితే ఇంకా తేలిక. నొప్పి మొదలైందంటే ఆ గొట్టం అప్పటికే నొక్కుకుపోయిందని అర్థం. ఇంకా గట్టిగా ఊదితే తెరుచుకోదు సరికదా, లోపలి చెవి దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒక మీటరు పైకి రండి, నొప్పి పోనివ్వండి, మళ్లీ మెల్లగా ప్రయత్నించండి. ఒక చెవే మొరాయిస్తుంటే ఆ చెవి పైకి ఉండేలా తల వంచి, గుటక వేస్తూ ఊదితే చాలామందికి తెరుచుకుంటుంది. అయినా వినకపోతే ఆ రోజుకి డైవ్ మానేయడమే.

జలుబుంటే అసలు దిగొద్దు. ముక్కు దిబ్బడ పోయే మాత్ర వేసుకుని దిగుదాం అని కొందరు సలహా ఇస్తారు. దాని ప్రభావం నీటి అడుగున ఉండగా తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు చెవిలోని గాలి బయటికి పోలేక ఇరుక్కుంటుంది. దిగేటప్పుడైతే వెనక్కి తగ్గొచ్చు. పైకి మాత్రం ఎలాగైనా రావాల్సిందే కదా!

డైవ్ అయిపోయాక చెవి నొప్పిగా ఉంటే డొప్పను మెల్లగా లాగి చూడండి. లాగితే నొప్పి పెరిగిందా, అది ఎక్కువగా బయటి చెవి ఇన్‌ఫెక్షన్. లాగినా తేడా లేక లోపల నిండినట్టుంటే మధ్యచెవిలో ఒత్తిడి దెబ్బ. రెండింటికీ డాక్టరే దిక్కు, నయమయ్యేదాకా నీళ్లలోకి వెళ్లొద్దు. ఇయర్ బడ్స్, అగ్గిపుల్లల జోలికి మాత్రం పోకండి.

ఇంకో మాట. డైవ్‌ను ట్రిప్ చివరికి కాకుండా మొదట్లోనే పెట్టుకోండి. చెవి ఈరోజు మొరాయించినా రేపు ఇంకో అవకాశం ఉంటుంది.

మాస్క్‌లోకి నీళ్లొస్తున్నాయి, మసకేస్తోంది

నీళ్లు కారితే అందరూ మొదట చేసే పని స్ట్రాప్ బిగించడం. దాంతో రబ్బరు అంచు మెలితిరిగి ఇంకా ఎక్కువ కారుతుంది. స్ట్రాప్ కాస్త వదులు చేసి, అంచు కింద వెంట్రుకలేమైనా ఇరుక్కున్నాయేమో వేలితో చుట్టూ తడిమి చూడండి. మన మగాళ్ల విషయంలో అసలు దోషి మీసమే. మొత్తం తీయక్కర్లేదు, ముక్కు కింద అంచు ఆనేచోట సన్నటి గీతంత గీసుకుంటే చాలు. వాజలైన్ రాస్తే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు, కానీ అది మాస్క్ సిలికాన్‌ని పాడుచేస్తుంది. అద్దెకు తెచ్చుకున్నదైతే అస్సలు వద్దు.

మసక బారడానికి కారణం మీ ముఖం వేడి, అద్దం చల్లదనం. ఉమ్మి అద్దానికి రుద్ది, ఒక్కసారి కడగడం పాత చిట్కా. బేబీ షాంపూ అయినా పనిచేస్తుంది. కొత్త మాస్క్ కొన్నవాళ్లు ముందే ఇంటి దగ్గర తెల్ల టూత్‌పేస్ట్‌తో లోపలివైపు బాగా తోమాలి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సిలికాన్ పొర పోయేదాకా.

ఊపిరి అందట్లేదు, గాలి తొందరగా అయిపోతోంది

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. ఒట్టి ఆక్సిజన్ అయితే ఆరేడు మీటర్లు దాటితే విషమవుతుంది. నిండు సిలిండర్‌లో సుమారు 200 బార్ ఒత్తిడి ఉంటుంది, 50 ఉండగానే పైకి చేరాలి. 10 మీటర్ల లోతులో ప్రతి శ్వాసకీ నేల మీద కంటే రెండింతలు, 20 మీటర్లలో మూడింతలు గాలి ఖర్చవుతుంది. దానికి టెన్షన్ తోడైతే చెప్పక్కర్లేదు.

ఊపిరి అందట్లేదనిపించేది చాలాసార్లు గాలి లేక కాదు, గాలి పూర్తిగా బయటికి వదలక. పీల్చడం మీద కాదు, నిదానంగా వదలడం మీద ధ్యాస పెట్టండి. కాళ్లాడించడం ఆపి, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని నాలుగైదు శ్వాసలు తీయండి. చేతులతో ఈదడం మానేయండి, దానివల్ల లాభం సున్నా, ఖర్చు మాత్రం బోలెడు. ఊపిరి బిగబట్టడం, ముఖ్యంగా పైకి వస్తున్నప్పుడు, ప్రాణం మీదికి తెస్తుంది: ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి గాయం చేస్తుంది.

"సూపర్" అని సైగ చేస్తే పైకి తీసుకొచ్చేశాడు

తప్పు ఇన్‌స్ట్రక్టర్‌ది కాదు. నీటిలో బొటనవేలు పైకి చూపిస్తే "పైకి వెళ్దాం" అని. బాగుంది అనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఏదో తేడాగా ఉంటే అరచేతిని అటూ ఇటూ ఊపి, తేడా ఉన్న చోటు చూపించాలి.

ఆరోగ్య ఫారంలో ఒక్క "అవును" రాసినందుకు డైవ్ చేయనివ్వలేదు

ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం అడుగుతారు, అడగాలి కూడా. అక్కడికక్కడ అబద్ధం రాయడం పరిష్కారం కాదు. డైవ్ షాప్ నుంచి ఫారం ముందే తెప్పించుకుని, బయల్దేరేముందు మీ ఊళ్లోనే డాక్టర్‌కి చూపించుకోండి. ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తీసుకెళ్లే తొలి డైవ్ చేయొచ్చు, దానికి హద్దు 12 మీటర్లు. డైవింగ్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుకైతే 200 మీటర్లు ఈదాలి.

పడవలో వాంతులు

ఖాళీ కడుపూ వద్దు, పూరీ కూరా వద్దు. రెండు ఇడ్లీలు, అరటిపండు చాలు. పడవ నడుమ భాగంలో కూర్చుని దూరంగా సముద్రం అంచు చూడండి, ఫోన్ చూడకండి. వాంతి మాత్రలు చాలావరకు మత్తు తెస్తాయి, డైవ్ రోజు వేసుకునేముందు డాక్టర్‌ని అడగండి.

కీళ్ల నొప్పి, తిమ్మిర్లు, అంతులేని నీరసం

డైవ్ తర్వాత కొన్ని గంటల్లో ఇవి కనిపిస్తే "అలసిపోయాంలే" అని పడుకోవద్దు. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి ఉండొచ్చు. పెయిన్ కిల్లర్ వేసుకుని ఊరుకోవడం, మళ్లీ నీటిలోకి దిగడం, రెండూ తప్పే. వెంటనే డైవ్ షాప్‌కి చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోండి, డాక్టర్‌ని కలవండి. దుకాణం ఎంచుకునేటప్పుడే "పడవలో ఆక్సిజన్ ఉందా?" అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. నీళ్లు నమిలితే వేరే దుకాణం చూసుకోండి.

దీనికి విమానం తోడైతే ఇంకా కష్టం. క్యాబిన్‌లో ఒత్తిడి నేల మీద కంటే తక్కువ, కాబట్టి మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కడుతుంది. ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. టికెట్ బుక్ చేసేటప్పుడే చివరి రోజును పొడిగా వదిలేయండి. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్ చేరి సెల్యులార్ జైలు చూడొచ్చు. గాలివానకి ఫెర్రీ రద్దయినా విమానం మిస్సవ్వదు.

గది ముందు సముద్రం మాయమైంది

ఉదయం నీలంగా కనిపించిన చోట మధ్యాహ్నానికి రాళ్లూ గుంటలే మిగిలాయని కొందరు రిసార్ట్ వాళ్లతో గొడవపడతారు. అది ఆటు. నీల్ చుట్టూ తీరం లోతు తక్కువ, పగడపు దిబ్బలు ఎక్కువ. సుమారు ఆరు గంటల్లో పోటు మళ్లీ వస్తుంది, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. డైవ్ టైం రోజూ మారేది అందుకే. రాత్రే మర్నాటి టైం అడిగి, దాన్నిబట్టి టిఫిన్ చెప్పండి. ఆటు వేళ లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెన చూసి రండి, అక్కడికి నడవడానికి అదే సరైన సమయం. చెప్పులు గట్టివి వేసుకోండి, పగడాల మీద మాత్రం కాలు పెట్టకండి.