ఆకాశంలో వింత వెలుగు కనబడితే: విశాఖలో ఫిర్యాదు, ఆర్‌టీఐ దరఖాస్తు విధానం

యూఎఫ్‌ఓల (ఆకాశంలో కనబడే గుర్తు తెలియని వస్తువుల) మీద విచారణ జరిపే ప్రత్యేక కార్యాలయం మన దేశంలో లేదు. అమెరికాలో 2022లో పెట్టిన 'ఆరో' (AARO) కార్యాలయం, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ నడిపే 'గీపాన్' (GEIPAN) విభాగం ఆ దేశాల పని చూసుకుంటాయి. విశాఖలో తీసిన ఫొటో పట్టుకుని వాటి చుట్టూ తిరగడం దండగ. ఇక్కడ చేయగలిగింది రెండే. చూసింది రాసి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడం, ఆ సమయానికి రికార్డుల్లో ఏముందో సమాచార హక్కు చట్టం కింద అడగడం. విమానాల దారిలో డ్రోన్‌లా తిరుగుతుంటే మాత్రం ఈ కాగితాలన్నీ తర్వాత, ముందు 112కి ఫోన్ చేయండి.

అర్జీ రాసేముందు శుక్రుడు, గురుడు ఆ రోజు ఎక్కడున్నాయో చూసుకోండి. 2013లో లద్దాఖ్‌లో సైన్యాన్ని కలవరపెట్టిన వెలుగులు ఆ రెండు గ్రహాలేనని ఖగోళ శాస్త్రవేత్తలు తేల్చారు. సముద్రం మీంచి మనవైపే వస్తున్న విమానం లైటు కూడా కొన్ని నిమిషాలు కదలనట్టే కనిపిస్తుంది.

ఎక్కువ అర్జీలు నీరుగారేది ఫొటో దగ్గరే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, తీసిన సమయం వగైరా వివరాలు ఎగిరిపోతాయి. అసలు ఫైలును ఫోన్‌లోనే ఉంచి, నకలును పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. కత్తిరించొద్దు, వెలుతురు పెంచొద్దు. బీచ్ రోడ్డు దీపాల దగ్గర తీసినదైతే ఒక పరీక్ష ఉంది: ఫ్రేములోని దీపం నుంచి ఫొటో మధ్య బిందువు గుండా గీత గీయండి. మీ 'వస్తువు' అదే గీత మీద, అవతలి వైపు అంతే దూరంలో ఉంటే అది చాలావరకు లెన్సులో పడిన ప్రతిబింబమే. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ లాంటి కదలని గుర్తు ఫ్రేములో ఉంటే దిక్కు, ఎత్తు లెక్క కట్టొచ్చు. అయితే నౌకాదళ నిషేధిత ప్రాంతాల వైపు కెమెరా తిప్పొద్దు, అధికార రహస్యాల చట్టం ఉంది.

పోలీసులకిచ్చే అర్జీలో నిలబడిన చోటు, తేదీ, మొదలు–ముగింపు సమయం, దిక్కు, మబ్బు, గాలి రాయండి. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, ఎత్తుకు ఆ కొలత చాలు. రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకోండి.

ఇక ఆర్‌టీఐ. విశాఖలో విమానాలు దిగే ఐఎన్‌ఎస్ డేగ నౌకాదళ స్థావరం కాబట్టి అక్కడి ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ కేంద్రం) రికార్డులకు కేంద్ర ఆర్‌టీఐ పోర్టల్‌లో భారత నౌకాదళాన్ని ఎంచుకోవాలి. బెలూన్ల సంగతి వాతావరణ శాఖను అడగాలి. వాతావరణ బెలూన్ల కొలతలకు ప్రామాణిక సమయాలు మనకు ఉదయం, సాయంత్రం 5:30. కింద చీకటి పడుతున్నా పైన ఎండ తగిలి బెలూన్ మెరుస్తుంది. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే ఉచితం. రాష్ట్ర పోలీసులకు కేంద్ర పోర్టల్‌లో పెడితే అర్జీ తిరిగొస్తుంది, డబ్బు రాదు.

'అదేమిటి?', 'ఎందుకు విచారించలేదు?' అని అడిగితే పని జరగదు. ఉన్న రికార్డు ఇవ్వడమే పీఐఓ (సమాచార అధికారి) బాధ్యత, వివరణ ఇవ్వడం కాదు. ఇలా రాయండి: "ఫలానా తేదీన 13:30–14:00 యూటీసీ మధ్య ఏటీసీ లాగ్‌బుక్‌లో గుర్తు తెలియని వస్తువు గురించిన నమోదుల నకళ్లు ఇవ్వగలరు." విమానయాన లాగ్‌లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తాయి, మన సమయంలోంచి 5:30 గంటలు తీసేయాలి. రాత్రి 7:10 అంటే 13:40. ఇది మరిచిపోతే 'సమాచారం లేదు' అనే జవాబు నిజాయితీగానే వస్తుంది.

ఆలస్యం చేయొద్దు. అంతర్జాతీయ పౌర విమానయాన ప్రమాణం ఏటీసీ రికార్డింగులను కనీసం 30 రోజులు ఉంచమంటుంది. పీఐఓ జవాబుకు గడువూ 30 రోజులే. అందుకే మొదటి వారంలోనే పెట్టి, సంబంధిత రికార్డింగును భద్రపరచమని విడిగా ఒక లేఖ కూడా రాయండి.

రాడార్ వివరాలకు దేశ భద్రత మినహాయింపు, అంటే సెక్షన్ 8(1)(ఎ) చూపి కాదనడం మామూలే. సెక్షన్ 10 ప్రకారం మినహాయింపు లేని భాగమైనా ఇమ్మని 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.