ఖాళీ మంచం గురించి చెప్పడం (మానసిక చికిత్స వార్డులో తోడ్పాటు: 4వ పాఠం)

ఐసొలేషన్ ఎత్తేశాక టీ వేళ, స్నానాల వేళ, సాయంత్రం నడక ఎలా తిరిగి గాడిన పెట్టాలో గత పాఠంలో చూశాం. ఈసారి నేర్చుకునేది ఒకటే పని. అంటువ్యాధికి బలైన తోటి రోగి ఇక రారని మిగిలినవారికి చెప్పడం. మన వార్డుల్లో ఎక్కువ గాయం చేసేది ఈ పనిని దాటవేయడమేనని నా నమ్మకం.

2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని చంగ్డోలో, డేనామ్ ఆసుపత్రి మానసిక చికిత్స వార్డులోకి కరోనా చొరబడింది. ఎప్పుడూ తలుపులు మూసి ఉండే వార్డు అది. 100 మందికి పైగా రోగులకు, అంటే లోపల ఉన్నవారిలో దాదాపు అందరికీ సోకింది. ఆ దేశంలో కరోనాతో చనిపోయిన మొదటి మనిషి అక్కడి రోగే. వయసు 63. అందులో 20 ఏళ్లకు పైగా ఆ వార్డులోనే గడిచాయి. అన్నేళ్లు పక్కపక్కన పడుకున్నవారు ఒకరికొకరు ఏమవుతారో ఆలోచించండి. కాగితాల్లో వారికి ఏ బంధుత్వమూ ఉండదు. అందుకే చావు కబురు ఇంటికి వెళ్తుంది కానీ పక్క మంచానికి చేరదు.

2021 రెండో వేవ్ తర్వాత నేను పనిచేసిన వార్డులో ఒక పెద్దాయన సాయంత్రం ఇచ్చే బిస్కెట్లలో రెండు తీసి చొక్కా జేబులో దాచేవారు. పదకొండో మంచం మిత్రుడి కోసం. ఆ మిత్రుడు వేరే ఆసుపత్రిలో చనిపోయి అప్పటికి మూడు వారాలైంది. బాధపడతారేమోనని "ఇంటికి వెళ్లిపోయారు" అని చెప్పాం. రాత్రి డ్యూటీవాళ్లు మాత్రం "వార్డు మార్చారు" అన్నారు. "నాకు చెప్పకుండా ఎలా వెళ్తాడు?" అంటూ ఆయన గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టారు. తర్వాత మాత్రలు ఉమ్మేశారు. కేస్ షీటులో "అనుమానం పెరిగింది" అని రాశాం. ఆ వాక్యం నా చేతిరాతలోనే ఉంది. నిజానికి మేము అబద్ధమాడుతున్నామని ఆయన సరిగ్గానే కనిపెట్టారు.

కాబట్టి మొదటి మెట్టు సిబ్బంది మధ్యే. డాక్టరు, సిస్టర్లు, ఆయాలు, అటెండర్లు, వంటగది వాళ్లు అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఆ మాట చెప్పవలసింది హోదాలో పెద్దవారు కాదు, ఆ రోగి నమ్మే మనిషి. అది ఆయాయే కావచ్చు. ఉదయం టిఫిన్ అయ్యాక చెప్పండి. అప్పుడు ఆ రోజంతా ఆయనను కనిపెట్టుకుని ఉండవచ్చు. రాత్రి మాత్రలు ఇస్తూ చెప్పకండి. మాస్కు వేసుకోవలసి వస్తే ముందుగా మీ పేరు చెప్పండి. సగం కప్పిన ముఖం చూసి భయపడేవారు ఉంటారు.

ఇక మాట దగ్గరికి వద్దాం. చావును సూటిగా అనకుండా ఉండటానికి తెలుగులో ఎన్నో మాటలున్నాయి: పోయారు, కాలం చేశారు, కన్నుమూశారు, దేవుడి దగ్గరికి వెళ్లారు. బయట ఇవి మర్యాదే. కానీ మాటను ఉన్నదున్నట్టు తీసుకునే స్కిజోఫ్రీనియా రోగికి "పోయారు" అంటే "ఎక్కడికి?" అన్న ప్రశ్న మిగులుతుంది. "నిద్రలోకి వెళ్లారు" అంటే ఆ రాత్రి పడుకోవడానికే భయపడవచ్చు. "చనిపోయారు" అనండి. ఆ రోజు నేను కింద కూర్చుని చెప్పింది ఇంతే:

"పెద్దాయనా, ఒక బాధ కలిగించే విషయం చెప్పాలి. పదకొండో మంచం మీ స్నేహితుడు కరోనా వచ్చి చనిపోయారు. ఇంటికి వెళ్లారని మేము చెప్పింది తప్పు. క్షమించండి."

చెప్పాక ఆగండి. ఆ మౌనాన్ని నింపాలని నోరు తొందరపడుతుంది, ఆపుకోండి. ఆయన చాలాసేపు గేటు వైపు చూసి, "అన్నం తిన్నాడా?" అని అడిగారు. నాకు తెలియదు. "తెలియదు, కనుక్కుని చెబుతాను" అన్నాను. ఆ ఆసుపత్రికి ఫోను చేసి, తెలిసినది మర్నాడు చెప్పాను.

కొందరు నవ్వుతారు, కొందరి ముఖంలో ఏ కదలికా ఉండదు. జబ్బూ మందులూ కూడా ముఖాన్ని అలా చేస్తాయి. అది రాతిగుండె అనుకోవద్దు. మర్నాడు మళ్లీ అడిగితే అవే మాటలు అదే స్వరంతో చెప్పండి. "నా వల్లే చచ్చిపోయాడు" అనేవారితో వాదించవద్దు, అవునన్నట్టు తల ఊపవద్దు. "ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎవరూ కావాలని ఇవ్వలేదు" అన్నది చాలు, అది నిజం కూడా. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పమని ఒత్తిడి చేయడం మంచిది కాదు. ఇలాంటి బలవంతపు సమావేశాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. కొత్త రోగిని ఆ మంచం మీదికి తెచ్చేముందు పక్కవారికి ఒక మాట చెప్పండి.

దుఃఖం అనుకుని శరీరాన్ని మరచిపోకండి. లిథియం (మూడ్‌ను అదుపులో ఉంచే మందు) వాడేవారికి విరేచనాలో వాంతులో అయి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవాలి. క్లోజపిన్ (తెల్ల రక్తకణాలను తగ్గించగల మానసిక వ్యాధి మందు) వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే కరోనాయేలే అని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష గురించి డాక్టరును అడగాలి.

కేస్ షీటులో మీ తీర్పు రాయకుండా రోగి అన్న మాటే రాయండి. "అనుమానం పెరిగింది" కాదు, "మిత్రుడు ఎక్కడని నాలుగుసార్లు అడిగారు" అని.

అభ్యాసం: మీ వార్డులో చనిపోయిన ఒకరి గురించి పక్క మంచం మనిషికి మీరు చెప్పే నాలుగు వాక్యాలు రాసి, ఫోనులో రికార్డు చేసి వినండి. "పోయారు", "వెళ్లారు" ఎక్కడ దొర్లాయో గుర్తుపెట్టి, ఆ చోట మళ్లీ చెప్పండి. వింటున్నప్పుడు మీకే గొంతు పట్టేస్తే ఆ రోజుకు ఆపేయండి. మీరూ ఆ మనిషికి రోజూ అన్నం పెట్టినవారే. మాట్లాడటానికి ఎవరైనా కావాలంటే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) 14416 సిబ్బందికీ పనికొస్తుంది.

5వ పాఠంలో, నెలల తరబడి రాలేకపోయిన కుటుంబం మొదటిసారి చూడటానికి వచ్చే రోజుకు రోగిని ఎలా సిద్ధం చేయాలో చూద్దాం.