పేరూ ఊరూ లేని ఆంప్లిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్: ఏ వైరు ఏదో తేల్చుకోవడం ఎలా?

పాత ఆంప్లిఫైయర్ నుంచి ఊడదీసిందో, స్క్రాపులో దొరికిందో, ఒక ట్రాన్స్‌ఫార్మర్ చేతికొస్తుంది. బరువు చూస్తే మంచి సరుకే అనిపిస్తుంది. స్టిక్కరు ఉండదు, ఉన్నా అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. ఎనిమిదో తొమ్మిదో వైర్లు మాత్రం బయటికి వేలాడుతుంటాయి. కరెంటు ఇవ్వాల్సినవి (ప్రైమరీ) ఏవి, బోర్డుకు పోవాల్సినవి (సెకండరీ) ఏవి? ఊహించి ప్లగ్గు పెడితే ఫ్యూజు పోవడంతో సరిపోవచ్చు, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు, మనిషికే షాక్ కొట్టొచ్చు. అసలు ఊహించాల్సిన అవసరమే లేదు. ఒక మల్టీమీటరు, 12 వోల్టుల ఏసీ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఉంటే పనైపోతుంది. వరస మాత్రం తప్పకూడదు: ముందు ఓమ్‌లు, తర్వాత తక్కువ వోల్టేజీ, అన్నీ తేలాక చిట్టచివర మెయిన్స్.

రంగులను నమ్ముకోవద్దు. ఒక తయారీదారు ఎర్ర వైరును ప్రైమరీకి వాడితే, ఇంకొకరు అదే ఎరుపును సెకండరీకి వాడతారు. కాగితం మీద రాసుకోవడానికి రంగులు పేర్లుగా పనికొస్తాయి, అంతవరకే.

1. వైర్లన్నీ విడదీయండి

ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా ఆంప్లిఫైయర్‌లోనే ఉంటే ప్లగ్గు పీకేసి, పెద్ద కెపాసిటర్లలో ఛార్జి పూర్తిగా దిగిందని మీటరుతో చూసుకుని, అప్పుడు చెయ్యి పెట్టండి. విప్పేముందు ఫోనులో రెండు ఫోటోలు తీసుకోండి. బ్రిడ్జి రెక్టిఫైయర్‌కు (ఏసీని డీసీగా మార్చే భాగానికి) వెళ్తున్న వైర్లు కనిపిస్తే సగం జవాబు అక్కడే దొరికినట్టు. ఒక్క వైరు కూడా బోర్డుకు తగిలి ఉండకూడదు, ఉంటే కొలతలన్నీ తప్పుతాయి.

టొరాయిడ్ రకంలో, అంటే గారెలా గుండ్రంగా ఉండేదాంట్లో, కొన్నిసార్లు రాగి తీగ చివరలే నేరుగా బయటికి వస్తాయి. చూడ్డానికి ఒట్టి రాగిలా ఉన్నా దాని మీద ఎనామెల్ పూత ఉంటుంది. ప్రోబ్ పెడితే మీటరు ఏమీ చూపదు, వైండింగ్ (లోపల చుట్టిన తీగ) తెగిపోయిందనుకుంటాం. చివర అర సెంటీమీటరు మేర బ్లేడుతో చుట్టూ గీకి, లోపలి గులాబీ మెరుపు కనిపించాక కొలవండి.

2. జట్లు కట్టండి

మల్టీమీటరును 200 ఓమ్‌ల రేంజిలో పెట్టండి. కంటిన్యూటీ బీప్ మీద ఆధారపడొద్దు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల ప్రైమరీ వంద ఓమ్‌లు దాటి ఉండొచ్చు, అక్కడ బీప్ రాదు. 200లోనూ ఏమీ చూపని వైర్లను 2000 ఓమ్‌ల రేంజిలో మరోసారి చూడండి. ముందుగా రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపుతోందో రాసుకోండి. మామూలుగా 0.2 నుంచి 0.5 మధ్య ఉంటుంది. ప్రతి కొలతలోంచీ దాన్ని తీసేయాలి, ఎందుకంటే మనం కొలవబోయే సెకండరీలు కూడా అంతంత చిన్న విలువలే.

ఒక వైరు పట్టుకుని మిగతా అన్నిటితో చూడండి. రీడింగు వచ్చినవన్నీ ఒక జట్టు. పెద్ద టొరాయిడ్ ప్రైమరీ మీద ప్రోబ్ పెట్టగానే అంకె ఒకచోట నిలవదు, కొన్ని క్షణాలు కిందికి జారుతూ వచ్చి అప్పుడు ఆగుతుంది. ఆగేదాకా ఆగండి. ఆ సమయంలో వైరు కొసలను వేళ్లతో పట్టుకోవద్దు. ప్రోబ్ తీసిన క్షణంలో కాయిల్ చురుక్కుమనిపిస్తుంది.

పది వైర్లున్న ఒక టొరాయిడ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ప్రోబ్‌ల విలువ తీసేశాక ఇలా వచ్చిందనుకోండి:

నీలం–బూడిద: 4.1 ఓమ్‌లు
ఊదా–గోధుమ: 4.4 ఓమ్‌లు
ఎరుపు–ఎరుపు: 0.5, ఎరుపు–నలుపు: అందులో సగం
పసుపు–పసుపు: 0.9
ఆకుపచ్చ: దేనితోనూ కలవదు

3. పట్టికను చదవండి

వోల్టేజీని దించే ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీకి సన్న తీగ, ఎక్కువ చుట్లు. అందుకే దాని రెసిస్టెన్స్ ఎక్కువ. సెకండరీకి లావు తీగ, తక్కువ చుట్లు. ఇక్కడ దాదాపు ఒకే విలువతో రెండు పెద్ద జట్లున్నాయంటే, 115 వోల్టుల ప్రైమరీలు రెండు ఉన్నాయన్నమాట. పై పొరలో చుట్టిన దానికి తీగ కాస్త పొడవు పడుతుంది కాబట్టి 4.1కి బదులు 4.4 వచ్చింది. కంగారు పడక్కర్లేదు.

మూడు వైర్ల జట్టులో రెండు చివరల మధ్య విలువకు సగం చూపే వైరు సెంటర్ ట్యాప్, అంటే వైండింగ్ నడిమధ్య నుంచి తీసిన వైరు. మన ఉదాహరణలో నలుపు. విలువలు ఇంత చిన్నగా ఉన్నప్పుడు మామూలు మీటరు తడబడుతుంది కాబట్టి దీన్ని తర్వాతి అంచెలో ఖాయం చేసుకుందాం. కొన్నిటిలో సెంటర్ ట్యాప్ ఉండదు, సెకండరీలు రెండు విడివిడి జట్లుగా ఉంటాయి. ఒంటరిగా మిగిలిన ఆకుపచ్చ వైరు సాధారణంగా ప్రైమరీకీ సెకండరీకీ మధ్య పెట్టిన రాగి రేకుది. అది ఎర్త్‌కు పోతుంది.

వాల్వ్ ఆంప్లిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఈ లెక్క తిరగబడుతుంది. దాని హైటెన్షన్ సెకండరీ 250-0-250 వోల్టుల దాకా (సెంటర్ ట్యాప్‌కు రెండు పక్కలా 250 చొప్పున), ఇంకా పైకీ ఉంటుంది, రెసిస్టెన్స్ ప్రైమరీని మించిపోతుంది. సెంటర్ ట్యాప్ ఉండి అత్యధిక ఓమ్‌లు చూపే జట్టూ, దాని పక్కన అర ఓమ్‌ కూడా లేని 6.3 వోల్టుల, 5 వోల్టుల ఫిలమెంట్ వైండింగులూ కనబడితే మీ చేతిలో ఉన్నది అదే. అప్పుడు మధ్యస్థంగా ఉన్న జట్టును ప్రైమరీగా అనుమానించాలి.

ఎక్కడా పెద్ద రెసిస్టెన్స్ కనబడకపోతే? ప్రైమరీలో దాచిన థర్మల్ ఫ్యూజు (వేడెక్కితే తెగేది) పోయి ఉండొచ్చు. కొన్నిటిలో అది పై టేపు కిందే ఉంటుంది.

ఈ అంచె ముగించేముందు మీటరును గరిష్ఠ మెగాఓమ్‌ల రేంజికి మార్చి, ప్రతి జట్టుకూ కోర్‌కూ (తీగ చుట్టిన లోపలి ఇనుముకూ) మధ్య, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య చూడండి. ఏ అంకె వచ్చినా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్కన పెట్టేయడమే మంచిది. 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) దొరికితే ఈ పరీక్ష దానితోనే చేయాలి. మీటరు బ్యాటరీకి బయటపడని లోపం దానికి బయటపడుతుంది.

4. తక్కువ వోల్టేజీతో అసలు పరీక్ష

నిజం తేలేది ఇక్కడే. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 12 వోల్టుల ఏసీని, మధ్యలో 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి, ప్రైమరీ అనుకున్న ఒక జట్టుకు ఇవ్వండి. ఫోన్ ఛార్జర్‌లాంటి డీసీ అడాప్టర్లు దీనికి పనికిరావు. డీసీకి ట్రాన్స్‌ఫార్మర్ స్పందించదు, తీగ వేడెక్కుతుంది, అంతే.

మిగతా వైర్ల కొసలన్నిటికీ ముందే విడివిడిగా టేపు చుట్టండి. 12 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పొరపాటున పసుపు జతకు 12 వోల్టులు ఇచ్చారనుకోండి, ప్రైమరీ ఒక్కొక్కదాని మీదా వంద వోల్టులకు పైగా పుట్టుకొస్తుంది.

నీలం–బూడిదకు ఇచ్చిన వోల్టేజీని కొలిస్తే 12.6 ఉందనుకుందాం. ఊదా–గోధుమ మీదా 12.6 వస్తే రెండు ప్రైమరీలూ సమానమే. ఎరుపు–ఎరుపు మీద 5.6, ఎరుపు–నలుపు మీద 2.8 వచ్చాయి, సెంటర్ ట్యాప్ ఖాయమైంది. 5.6ను 12.6తో భాగించి 115తో గుణిస్తే 51. అంటే ఒక్కో పక్క 25.5. లోడు లేనప్పుడు వోల్టేజీ కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి దీని అసలు పేరు 24-0-24. పసుపు మీద 1.4 వస్తే అదే లెక్కన సుమారు 12.8, అంటే ప్రీఆంప్ కోసమో రిలే కోసమో పెట్టిన 12 వోల్టుల వైండింగ్.

5. రెండు ప్రైమరీలను కలిపే దిశ

ఇది తప్పితే మిగతాదంతా సరిగ్గా చేసినా దండగే. 230 వోల్టుల సరఫరాకు రెండు 115 వైండింగులను వరసగా కలపాలి, అదీ రెండూ ఒకే దిశలో పనిచేసేలా. బండిని ఇద్దరు ఎదురెదురుగా తోసినట్టు కలిపితే ఒకదాని అయస్కాంతత్వాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. అప్పుడు కరెంటును ఆపడానికి మిగిలేది తీగ రెసిస్టెన్స్ ఒక్కటే. మన ఉదాహరణలో అది 8.5 ఓమ్‌లు. 230 వోల్టుల దగ్గర 27 ఆంపియర్లు!

నీలం–బూడిదకు 12.6 అలాగే ఉంచి, బూడిదను ఊదాతో కలపండి. నీలం–గోధుమ మధ్య కొలవండి. 25.2 వస్తే కలిపింది సరైందే, సున్నాకు దగ్గరగా వస్తే బూడిదను ఊదాతో కాక గోధుమతో కలపాలి. మొదటిదే సరైందైతే 230కి బూడిద–ఊదా జాయింటు అలాగే ఉంచి నీలం, గోధుమలకు మెయిన్స్ ఇవ్వాలి. 115 ఉన్నచోట నీలాన్ని ఊదాతో, బూడిదను గోధుమతో కలిపి ఆ రెండు జాయింట్లకు ఇవ్వాలి. విడివిడిగా ఉన్న రెండు సెకండరీలను కలిపి మధ్యలో సున్నా తీయాలన్నా పరీక్ష ఇదే.

6. సీరీస్ బల్బుతో మెయిన్స్

ఫేజు వైరులో ఫ్యూజు, ఆ తర్వాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, ఆ తర్వాత ప్రైమరీ. ఎల్ఈడీ బల్బు ఇక్కడ చెల్లదు. సెకండరీలన్నీ ఖాళీగా, ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. మెయిన్స్‌తో పని అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క అంచెను తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవడం మేలు.

స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిదే, టొరాయిడ్ మొదటి క్షణంలో కరెంటు గట్టిగా లాగుతుంది. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి. లోపల చుట్లు షార్ట్ అయ్యుండాలి, ప్రైమరీలు ఎదురుగా కలిసుండాలి, లేదా 115 వైండింగ్‌కు 230 ఇచ్చుండాలి. ఒకే ప్రైమరీ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అది 115దా 230దా అని తేల్చేది కూడా ఈ బల్బే.

బల్బు ఆరిపోయాక సెకండరీలు కొలిచి పట్టికతో సరిచూడండి. పావుగంట వదిలేసి, ప్లగ్గు తీశాక తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వాడొద్దు.

టొరాయిడ్‌ను బిగించేటప్పుడు మధ్య బోల్టు పై కొన మెటల్ క్యాబినెట్ మూతకు తగలకూడదు. బోల్టు, మూత, అడుగు కలిసి ఒక షార్ట్ చుట్టుగా మారిపోతాయి.

ఇక కెపాసిటర్లు కొనేముందు చిన్న లెక్క ఉంది. ఏసీని డీసీగా మార్చాక కెపాసిటర్ ఏసీ గరిష్ఠ విలువ దాకా నిండుతుంది కాబట్టి 25.5ను 1.41తో గుణించాలి, దాదాపు 36. డయోడ్ల దగ్గర పోయేది తీసేసినా ఒక్కో పక్క 35 వోల్టులుంటాయి, మెయిన్స్ 10 శాతం పెరిగితే 39కి చేరుతుంది. కాబట్టి 35 వోల్టుల కెపాసిటర్ వద్దు, 50 వోల్టులది తీసుకోండి.