నల్లగొండ ఎండకు ఆగే ఓవర్‌క్లాక్: ఏఎం5 బోర్డు సెట్ చేసే పద్ధతి

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌నూ మెమరీనీ కంపెనీ ఇచ్చిన వేగం దాటించి నడపడం. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డులో డిసెంబర్ రాత్రి పెట్టిన ఓవర్‌క్లాక్ మే నెల మధ్యాహ్నం కూడా నిలబడాలి. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు ఎండకాలం బయట 44 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ లేని స్లాబు గది 38 దగ్గర ఉంటుంది. ఎంత ఖరీదైన కూలరైనా గది వేడికంటే కిందికి దించలేదు. 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 78 చూపించిందంటే, అదే పనికి అవే వాట్లతో 38 డిగ్రీల గదిలో దాదాపు 94 చూపిస్తుంది. రైజెన్ 7000, 9000లలో చాలా మోడళ్లకు గరిష్ఠ పరిమితి 95. 7800ఎక్స్3డీకి 89 మాత్రమే. కింద ఇచ్చిన అంకెలన్నీ ఆ మే మధ్యాహ్నాన్ని లెక్కలో పెట్టుకుని ఇచ్చినవే.

చిప్‌సెట్ వల్ల వచ్చేదెంత

బోర్డు మీద మిగతా పోర్టులను నడిపే చిప్పే చిప్‌సెట్, బోర్డు పేరులోని బీ650 లాంటి అంకె దానిదే. బీ650, బీ850, ఎక్స్670, ఎక్స్870 బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేయొచ్చు. ఏ620, బీ840 బోర్డుల్లో కుదరదు, మెమరీ వేగం మాత్రం పెంచుకోవచ్చు. చిప్‌సెట్ పని అంతవరకే. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది, ప్రాసెసర్‌కు కరెంటు అందించేది బోర్డు మీది వీఆర్‌ఎం. పైగా బీ650లోనూ బీ850లోనూ ఉన్నది ఒకే ప్రోమోంటరీ 21 చిప్పు. అందుకే కొత్త చిప్‌సెట్ పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టేకన్నా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొనేటప్పుడు వీఆర్‌ఎం మీద బరువైన హీట్‌సింక్ ఉందా, బయోస్ (బోర్డు సెట్టింగుల సాఫ్ట్‌వేర్) పాడైనా పెన్‌డ్రైవ్‌తో తిరిగి ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందా అన్న రెండూ చూసుకోండి.

ఇంకో మాట ముందే తెలిసి ఉండాలి. మెమరీ వేగం పెంచే ఎక్స్‌పో ప్రొఫైల్ అయినా, ప్రాసెసర్ పవర్ పరిమితులు మార్చే పీబీఓ అయినా ఏఎండీ లెక్కలో ఓవర్‌క్లాకింగే, వాటివల్ల చిప్పు పాడైతే వారంటీ వర్తించదు.

ముందు మామూలు సెట్టింగులతో పరీక్ష

బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు కరెంటు పోతే బోర్డు లేవదు, కాబట్టి ఆ పని యూపీఎస్ మీద పెట్టే చేయండి. పాత స్టాక్ బోర్డు కొన్నవాళ్లు అప్‌డేట్ తప్పక చేయాలి. ఏఎం5లో ప్రాసెసర్లు కాలిపోయిన ఘటనలు బయటపడ్డాక, 2023లో ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసింది. అంతకుముందు బయోస్‌లలో ఆ కట్టడి లేదు.

రెండే ర్యామ్ స్టిక్కులుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టండి. ఏ సెట్టింగూ మార్చకుండా మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒకసారి పూర్తిగా, సిస్టమ్ మీద పూర్తి భారం వేసే ఓసీసీటీ ఒక గంట నడపండి. ఇక్కడే ఎర్రర్ వస్తే అది పార్టు లోపం, దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. ఈ పరీక్ష వదిలేసి నేరుగా ఓవర్‌క్లాక్ మొదలుపెడితే, తర్వాత వచ్చే ప్రతి క్రాష్‌కూ మీ సెట్టింగు కారణమా, పార్టు కారణమా అన్నది తేల్చుకోలేరు.

మెమరీ

డీడీఆర్5 6000 వేగం, సీఎల్30 (డేటా ఇవ్వడానికి పట్టే ఆలస్యం), రెండు స్టిక్కుల కిట్టు ఈ ప్లాట్‌ఫామ్‌కు సరిగ్గా సరిపోతుంది. బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేసి సేవ్ చేయండి. మొదటిసారి కొన్ని నిమిషాలపాటు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. అది మెమరీ ట్రైనింగ్, అంటే స్టిక్కులకు సరిపడే సిగ్నల్ టైమింగులు వెతుక్కోవడం. చెడిపోయిందనుకుని మధ్యలో ప్లగ్గు పీకొద్దు, కనీసం పదిహేను నిమిషాలు ఆగండి.

విండోస్‌లోకి వచ్చాక మెమరీ వేగాలు చూపించే జెన్‌టైమింగ్స్ ప్రోగ్రాం తెరవండి. ఎంక్లాక్ (మెమరీది, 6000లో సగం) 3000, యూక్లాక్ (మెమరీ కంట్రోలర్‌ది) 3000, ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ లోపలి లింకుది) 2000 ఉండాలి. యూక్లాక్ 1500 చూపిస్తే కంట్రోలర్ సగం వేగంతో నడుస్తున్నట్టు. బయోస్‌లో యూక్లాక్ డివైడర్‌ను ఎంక్లాక్‌తో సమానంగా మార్చండి. ఎస్‌ఓసీ వోల్టేజీని చాలా బోర్డులు తమంతట తామే 1.25 నుంచి 1.3 దాకా ఎక్కిస్తాయి. చేత్తో 1.20 పెట్టి పరీక్షించండి, ఎర్రర్ వస్తే 0.02 చొప్పున పెంచుకుంటూ 1.25 దగ్గర ఆగండి. 6400 వేగం ఎంక్లాక్, యూక్లాక్ సమానంగా ఉండే ఒకటికి ఒకటి నిష్పత్తిలో అన్ని ప్రాసెసర్లకూ పట్టదు, ఎండకాలంలో ఇంకా కష్టం. దాని వెంట పడొద్దనే మా సలహా.

వేడికి ముందుగా లొంగేది టీరెఫీ. మెమరీ గడుల్లోని ఛార్జ్‌ను ఎంతసేపటికోసారి తిరిగి నింపాలో చెప్పే అంకె ఇది. దాన్ని 65535కు పెంచితే వేగం వస్తుందని చాలామంది పెడతారు. గడి వేడెక్కేకొద్దీ ఛార్జ్ త్వరగా కారిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి స్టిక్కుల మీదుగా పోతున్నప్పుడు అవి 55 డిగ్రీలు దాటితే, చలికాలం ఒక్క ఎర్రరూ ఇవ్వని సెట్టింగే ఎర్రర్లు కురిపిస్తుంది. మన ఊళ్లలో ఆటోలో వదిలేయండి, లేదా 32767 దాటొద్దు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో ఒక్కో స్టిక్కు వేడి విడిగా కనిపిస్తుంది.

పరీక్షకు మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు రాత్రి పెట్టి పడుకోండి. ఉచిత వెర్షన్‌లో అంతకుమించి నడవదు. ఆపైన భారీ లెక్కలు చేయించే వై-క్రంచర్ ప్రోగ్రాంలో వీటీ3 పరీక్ష రెండు గంటలు మధ్యాహ్నం పూట నడపండి. మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి స్టిక్కులు అసలు వేడికి చేరవు. అందుకే వై-క్రంచర్‌తో పాటు పక్కన ఏదైనా గేమ్ బెంచ్‌మార్క్ కూడా నడిపితేనే నిజం తెలుస్తుంది. ఒక్క ఎర్రరే కదా అని వదిలేయొద్దు. లెక్క సున్నా రావాలి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలవాళ్లు తర్వాత ఇంకో రెండు స్టిక్కులు కొని నాలుగు స్లాట్లూ నింపుతారు. దాంతో 6000లో నడిచిన సిస్టమ్ చాలాసార్లు ఆన్ కావడమే మానేస్తుంది. నాలుగు స్టిక్కులకు ఏఎండీ అధికారికంగా ఇచ్చే వేగం 3600 మాత్రమే. 64 జీబీ కావాలంటే మొదటే రెండు 32లు, 96 కావాలంటే రెండు 48లు ఉన్న కిట్టు కొనండి. ఇంకొకరి పెళ్లి ఫుటేజీ ఉన్న మిషన్‌లో మెమరీని ఎక్స్‌పో దాటించడం తగని పని. పాడైన బిట్టు ఏ హెచ్చరికా లేకుండా ఫైల్‌లో కూర్చుంటుంది, బ్యాకప్‌లోకీ అదే పోతుంది. డీడీఆర్5లో ఆన్-డై ఈసీసీ ఉందన్న ధైర్యం చాలదు. అది చిప్పు లోపలి తప్పుల్ని దిద్దుతుందే గాని, స్టిక్కుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో జరిగే తప్పుల్ని చూడదు.

ప్రాసెసర్

ఇక్కడ వోల్టేజీ పెంచే పాత పద్ధతి పనికిరాదు. వోల్టేజీ తగ్గిస్తే వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన వెసులుబాటుతో చిప్పు తనే వేగం పెంచుకుంటుంది. పీబీఓ అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ముందు థర్మల్ లిమిట్ 85 పెట్టండి. తర్వాత పీపీటీ, అంటే ప్రాసెసర్ తీసుకోగల గరిష్ఠ వాట్లు. 7700ఎక్స్ లాంటి 105 వాట్ల చిప్పుకు ఏఎండీ ఇచ్చేది 142. ఎండకాలానికి దాన్ని 88కి దించితే రెండరింగ్‌లో కొద్దిగా తగ్గుతుంది, ఆటల్లో తేడా తెలియడం కష్టం.

తర్వాత ప్రాసెసర్ వోల్టేజీని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్: ఆల్ కోర్, నెగెటివ్, 10. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. నిలబడితే 15, ఆపైన 20. మైనస్ 30 పెట్టి సినీబెంచ్ (రెండరింగ్ బెంచ్‌మార్క్) స్కోరు బాగుందని సంబరపడేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. సినీబెంచ్‌లో అన్ని కోర్లూ కలిసి పనిచేస్తాయి కాబట్టి వేగం కాస్త తక్కువే ఉంటుంది. అసలు పరీక్ష తేలిక పనుల్లో వస్తుంది. బ్రౌజర్ తెరిచినప్పుడో, ఊరికే ఉన్నప్పుడో ఒకే కోరు గరిష్ఠ వేగానికి ఎగురుతుంది, తగ్గించిన వోల్టేజీ ఆ క్షణంలో చాలదు. అందుకే రాత్రంతా నడిచిన రెండరింగ్ పూర్తయ్యాక, పొద్దున డెస్క్‌టాప్ మీద ఉండగా రీస్టార్ట్ అవుతుంది.

దీన్ని పట్టేది కోర్‌సైక్లర్. ప్రైమ్95ను ఒక్కో కోరు మీద విడివిడిగా నడుపుతుంది. తేలిక లెక్కల ఎస్‌ఎస్‌ఈ మోడ్‌లోనే ఉంచండి, బరువైన లెక్కల ఏవీఎక్స్‌లో క్లాక్ తగ్గిపోయి లోపం దాక్కుంటుంది. ఏ కోరు తప్పిందో ఆ ఒక్కదాని అంకెను 5 వెనక్కి తేండి. సాధారణంగా చిప్పు ‘మంచి కోర్లు’గా గుర్తించిన రెండే ముందు తప్పుతాయి, ఎందుకంటే అవి ముందే తక్కువ వోల్టేజీతో ఎక్కువ వేగం తీస్తుంటాయి.

ఏది తప్పిందో గుర్తుపట్టడం

నీలి తెర లేకుండా రీస్టార్ట్ అయి, విండోస్ ఎర్రర్ల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో వీయా-లాగర్ 18 (హార్డ్‌వేర్ లోపం) కనిపిస్తే అది ఎక్కువగా కర్వ్ సమస్య. అందులోని ఏపీఐసీ ఐడీని 2తో భాగిస్తే, ఎనిమిది కోర్ల చిప్పులో తప్పిన కోరు నంబరు వస్తుంది. జిప్ ఫైళ్లలో సీఆర్‌సీ (ఫైల్ పాడైందన్న) ఎర్రర్, బ్రౌజర్ ట్యాబ్‌లు వాటంతట అవే మూసుకోవడం, ప్రతిసారీ వేరే పేరుతో నీలి తెర వస్తే మెమరీని అనుమానించండి. రోజూ మొదటిసారి ఆన్ చేసినప్పుడే తేడా చేస్తుంటే పాత ట్రైనింగ్‌నే మళ్లీ వాడే మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్‌ను బయోస్‌లో ఆఫ్ చేసి చూడండి. బూట్ ఆలస్యమవుతుంది, కానీ ప్రతిసారీ ట్రైనింగ్ సరిగ్గా జరుగుతుంది.

ఏ ఎర్రరూ నమోదు కాకుండా టక్కున ఆగిపోతే కరెంటు వైపు చూడాలి. 600 వీఏ యూపీఎస్ చాలావాటిలో 360 వాట్లే ఇస్తుంది. 142 వాట్ల ప్రాసెసర్, 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070, ఆపైన బోర్డు, మానిటర్ కలిస్తే 400 దాటుతుంది. కరెంటు పోగానే యూపీఎస్ మోయలేక చేతులెత్తేస్తుంది, తప్పు ఓవర్‌క్లాక్ మీద పడుతుంది. కేబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రాతి నేలల్లో ఎండకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయడం మరవొద్దు.

గదిలోని నీళ్ల కూలర్ గాలి నేరుగా కేబినెట్‌లోకి కొట్టేలా పెట్టకండి. బోరు నీటి తుంపర పడి ఆరితే బోర్డు మీద తెల్లటి ఉప్పు పూత మిగులుతుంది. డస్ట్ ఫిల్టర్ నెలకోసారి, రైస్ మిల్లులకు దగ్గరగా ఉంటే పదిహేను రోజులకోసారి దులపండి.

స్క్రీన్ రాకపోతే

ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, బయోస్ సెట్టింగులు చెరిపే క్లియర్ సీమాస్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో పది సెకన్లు కలపండి. పిన్నులు దొరకకపోతే సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాల తర్వాత పెట్టండి. ఆన్ చేశాక మళ్లీ ట్రైనింగ్ మొదలవుతుంది, ఆగండి. నిలబడిన ప్రతి సెట్టింగునూ బయోస్‌లో ప్రొఫైల్‌గా దాచి, స్క్రీన్ ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ చేస్తే సెట్టింగులు చెరిగిపోతాయి, పాత ప్రొఫైల్‌ను కొత్త వెర్షన్ చాలాసార్లు తీసుకోదు. అప్పుడు ఫొటోలు చూసి చేత్తో ఎక్కించి, వీటీ3 ఒక గంట, కోర్‌సైక్లర్ ఒక రాత్రి మళ్లీ నడిపించాకే పని ఫైళ్లు తెరవండి.