గుమ్మడికాయ బడికి వచ్చే ముందు

దసరా సెలవులు ముగిశాయంటే మా కోనసీమ బడుల్లో చేతిపనుల సందడి మొదలవుతుంది. కొబ్బరాకు బుట్టలు, గింజలు అతికించిన బొమ్మలు, మట్టి ప్రమిదలు. ఈ మధ్య పట్టణాల్లో కొన్ని బడులు అక్టోబరు 31న హాలోవీన్ పేరుతో గుమ్మడికాయకు కళ్ళూ పళ్ళూ చెక్కిస్తున్నాయి. ఐర్లండులో టర్నిప్ దుంపలను చెక్కి దీపం పెట్టేవారు. ఆ ఆచారం అమెరికా చేరాక గుమ్మడికాయ మీదికి మళ్ళింది. అక్కడ అవి చలి రోజులు, ఇక్కడ వాన, ఉక్కపోత. చెక్కిన కాయ మన దగ్గర రెండు మూడు రోజులకే మెత్తబడి, లోపల బూజు పడుతుంది. ఆ బూజు పక్కన ఆయాసం ఉన్న పిల్లలను కూర్చోబెట్టకూడదు.

అందుకే ఒకటి, రెండు తరగతుల పిల్లల చేత కాయను అసలు కోయించవద్దని నేను గట్టిగా చెబుతాను. ముదిరిన గుమ్మడి తొక్క చెక్కలాంటిది. కత్తి కదలకుండా ఆగిపోయి, బలం పెట్టగానే ఒక్కసారిగా జారుతుంది. పెద్దవాళ్ళకే వేళ్ళు తెగుతాయి. కోయని కాయ నెలల తరబడి నిలవుంటుంది, మన పాత ఇళ్ళలో దూలానికి వేలాడదీసింది అందుకే. దాని మీదే బియ్యప్పిండి ముద్దతో, తడిపిన పసుపుతో ముఖాలు దిద్దించండి. సింధూరంలో సీసం ఉండవచ్చు, పిల్లల చేతికి ఇవ్వకండి. తొడిమ పట్టుకుని కాయను ఎత్తనివ్వకండి, విరిగిందంటే కాయ కాలి మీదే పడుతుంది.

లోపల దీపం వెలిగించాలని పిల్లలు అడుగుతారు. కొవ్వొత్తి వద్దు, కాగితాలూ జిగురూ ఉన్న గదిలో అసలే వద్దు. బ్యాటరీ దీపమైతే దాని మూత మరతో బిగించి ఉందో లేదో చూడండి. అందులోని బిళ్ళ బ్యాటరీని పిల్లవాడు మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక గింజలు. ఒక ఏడాది నా తరగతిలో ఒక పాప బొమ్మకు గింజలు అతికిస్తూ అతికిస్తూ మౌనంగా అయిపోయింది. ఒక ముక్కు రంధ్రం నుంచే నీరు కారుతోంది. వంగి చూస్తే లోపల తెల్లగా గుమ్మడి గింజ అంచు. పిన్నుతో తీద్దామని పక్క తరగతి నుంచి ఒకరు ముందుకొచ్చారు. నేను ఆపాను. కదిలిస్తే ఇంకా లోపలికి పోతుంది. వైద్యుడు క్షణంలో తీసేశారు గాని, ఆ క్షణం వరకూ నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అప్పటినుంచి గింజలను లెక్కపెట్టి ఇస్తున్నాను, లెక్కపెట్టి తీసుకుంటున్నాను. అంగన్‌వాడీ వయసు పిల్లలకైతే గింజలే ఇవ్వను. గొంతులో అడ్డం పడి పిల్లవాడు దగ్గలేకపోతుంటే, ముందుకు వంచి వీపు మీద రెండు భుజాల నడుమ అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో ఐదు సార్లు గట్టిగా తట్టాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి.

గురివింద గింజలను మాత్రం బడి గడప తొక్కనివ్వకండి. మట్టి వినాయకుడికి కళ్ళుగా పెడతాం కనుక అవి మనకు ముద్దుగానే కనిపిస్తాయి. వాటిలోని అబ్రిన్ ప్రాణాంతక విషం. నమిలినా, దండ గుచ్చడానికి తొలిచినా ఆ విషం బయటపడుతుంది. పచ్చగన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు కూడా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే ఆలస్యం చేయకుండా ధారగా మంచినీళ్ళతో కడిగి, వైద్యుడికి చూపించాలి.

ఆకులూ పువ్వులూ ఏరుకు రమ్మని పిల్లలను ఒంటరిగా పంపకండి. ఈ నెలల్లో కాలువలు నిండుగా పారుతుంటాయి, గట్లు జారుతాయి. చేతులు కడుక్కోవడానికి బడిలోనే బకెట్టు పెట్టండి. చేలల్లో నీరు నిలిచినప్పుడు పాములు మెరక మీదికి చేరతాయి. గుమ్మడి పాదు పాకిన గడ్డివాము కింద చేయి పెట్టే ముందు కర్రతో కదిపి చూడాలి, ఆ పని పెద్దలదే. గాలి లేచిన రోజున కొబ్బరి తోటలోకి ఎవరినీ పంపకండి. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్ళకు మట్ట ఎంత వేగంగా వచ్చి పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

దసరా, దీపావళి నాళ్ళలో దిష్టి తీసి రోడ్డు మీద పగలగొట్టిన బూడిద గుమ్మడిలో చిల్లర ఉంటుంది. దానికోసం పిల్లలు బండ్లకు అడ్డంగా పరుగెత్తుతారు. ఆ సంగతి తరగతిలో ఒకసారి చెప్పి ఊరుకోక, రోజూ బడి వదిలే వేళ గుర్తుచేయండి.

రంగు వేయని కాయ మిగిలితే దప్పళంలోకి వెళ్ళవచ్చు. కోయగానే చిన్న ముక్క పెద్దవాళ్ళు నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థానిది, ఎంత ఉడికించినా పోదు. పశువుల కుడితిలో కూడా వేయవద్దు.