రిలే దానంతటదే ఆఫ్ అవుతోందా? ఐ2సి బస్సు మీద లాక్ ఎవరి చేతిలో ఉందో చూడండి

సమస్య: లైనక్స్ బోర్డుకి ఐ2సి బస్సు (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల లైను) మీద కలిపిన ఎంసిపి23017 చిప్ (అదనపు ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్నులిచ్చేది) నడిపే రిలేల్లో ఒకటి ఎవరూ చెప్పకుండానే ఆఫ్ అవుతుంది. రోజుకోసారి కావచ్చు, వారానికోసారి కావచ్చు. రీబూట్ చేస్తే కొన్నాళ్లు బుద్ధిగా ఉంటుంది.

విశాఖలో, అందులోనూ ఫిషింగ్ హార్బర్ వైపు రొయ్యల కోల్డ్ రూమ్ ప్యానెల్ అయితే, నేరం ముందు ఉప్పుగాలి మీదికి పోతుంది. కనెక్టర్లు గీకుతారు, పుల్‌అప్ రెసిస్టర్లు మారుస్తారు, డాబాగార్డెన్స్ వెళ్లి కొత్త మాడ్యూల్ కొంటారు. కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) లాగ్ మాత్రం తెరవరు. తుప్పు పట్టిన కనెక్టర్ అయితే, డ్రైవర్ (చిప్‌ని నడిపే కోడ్) రిటర్న్ విలువను పట్టించుకుంటున్నంత వరకు, సాధారణంగా మైనస్ 121 (చిప్ జవాబివ్వలేదు), మైనస్ 110 (టైమ్‌అవుట్) ఎర్రర్లు వస్తాయి. లాగ్ శుభ్రంగా ఉండి బిట్ మారిందంటే, చాలావరకు ఎవరో పద్ధతిగానే తప్పు విలువ రాశారన్నమాట.

మొదటి చెక్ రెండు నిమిషాల పని. ఐ2సి డిటెక్ట్ (బస్సు మీది చిప్‌ల చిరునామాలు చూపే కమాండ్) కొట్టండి. చిప్ చిరునామా హెక్స్ 20 అనుకుంటే, అక్కడ 'యుయు' కనిపిస్తే ఆ చిప్ కెర్నెల్ డ్రైవర్ చేతిలో ఉంది. ఇక క్రాన్‌లోనూ (వేళకి పనులు నడిపేది) స్టార్టప్ స్క్రిప్టుల్లోనూ 'ఐ2సిసెట్' (చిప్‌లోకి విలువ రాసే కమాండ్) పక్కన 'మైనస్ ఎఫ్' వెతకండి. డ్రైవర్ ఉన్నా సరే రాసెయ్ అని దానర్థం. టెస్టింగ్ నాడు పెట్టి తీయని లైను ఉంటే అక్కడే దొరుకుతుంది. కొన్ని కేసులు ఇక్కడితోనే సరి, అయినా ఈ చెక్ చాలామంది చేయరు.

అక్కడ ఏమీ దొరక్కపోతే అసలు దొంగ వేరే. బస్సుకి కెర్నెల్ లాక్ (ఒకేసారి ఒక్కరినే వాడనిచ్చే తాళం) ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఆ లాక్ ఒక్క ట్రాన్స్‌ఫర్‌కే. చదివి, బిట్ మార్చి, తిరిగి రాయడమంటే రెండు ట్రాన్స్‌ఫర్లు. కంప్రెసర్ బిట్ 0, అలారం బిట్ 7 అనుకోండి; ఓల్యాట్ రిజిస్టర్‌లో (అవుట్‌పుట్ పిన్నుల విలువలుండే చోటు) 00 ఉంది. అలారం డ్రైవర్ 00 చదివింది. ఈలోపు కంప్రెసర్ డ్రైవర్ కూడా 00 చదివి 01 రాసింది. ఆ వెంటనే అలారం డ్రైవర్ తన పాత లెక్కతో హెక్స్ 80 రాసింది. కంప్రెసర్ ఆగిపోయింది, ఎర్రర్ ఒక్కటీ లేదు. 100 కిలోహెర్ట్జ్ దగ్గర రీడ్‌కి సుమారు 0.4, రైట్‌కి 0.3 మిల్లీసెకన్లు పడుతుంది. సందు అంత చిన్నది కాబట్టే వారానికోసారి దొరుకుతుంది. రెండు డ్రైవర్లలోనూ మ్యూటెక్స్ (సాఫ్ట్‌వేర్ తాళం) ఉందని చూపిస్తారు. ఒకే గదికి రెండు తలుపులు, తలుపుకో తాళం పెట్టినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు.

రెగ్‌మ్యాప్ (చిప్ రిజిస్టర్లు చదివి రాయడానికి కెర్నెల్ ఇచ్చే సాధనం) వాడితే ఈ బెడద లేదనుకోవద్దు. దాని 'అప్‌డేట్ బిట్స్' చదివి, మార్చి, రాసే మొత్తం పనిని లాక్‌లోనే చేస్తుంది, నిజమే. కానీ ఆ లాక్ ఆ ఒక్క రెగ్‌మ్యాప్‌ది. ఒకే చిప్‌ని నడిపే తల్లి డ్రైవర్ కింద, అందులోని ఒక్కో పని చూసే పిల్ల డ్రైవర్లు తలా ఒకటి తెరిస్తే లాక్‌లు వేరు, క్యాష్‌లు (గుర్తుంచుకున్న పాత విలువలు) వేరు. క్యాష్ ఆన్‌లో ఉంటే రెండోది చిప్‌ని చదవను కూడా చదవదు, ఎప్పటిదో పాత విలువ మీదే బిట్ మార్చి రాసేస్తుంది. అప్పుడు సందు మిల్లీసెకన్లది కాదు, రోజంతా తెరిచే ఉంటుంది.

రుజువు కావాలంటే కెర్నెల్ ట్రేసింగ్‌లో (జరిగిన ప్రతి పనినీ నమోదు చేసేది) ఐ2సి ఈవెంట్లు ఆన్ చేసి, ఒకే చిరునామాకి వెళ్లిన రీడ్, రైట్‌ల మధ్య వేరే ప్రాసెస్ పేరు దూరిందేమో చూడండి. వారం ఆగలేకపోతే డ్రైవర్ కోడ్‌లో రీడ్‌కీ రైట్‌కీ మధ్య 20 మిల్లీసెకన్ల డిలే పెట్టి, రెండు బిట్లనూ రెండు లూపుల్లో మార్చండి. నిమిషాల్లో బయటపడుతుంది.

పరిష్కారం: చిప్‌కి ఒక్కరే యజమాని. 23017కి సొంత డ్రైవర్ రాయకండి. కెర్నెల్‌లోని ఎంసిపి23ఎస్08 డ్రైవరే దీన్నీ చూసుకుంటుంది. మిగతా డ్రైవర్లు దాన్నుంచి జీపీఐఓ లైన్లు (ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్నులు) అడిగి తీసుకోవాలి. రకరకాల పనులున్న చిప్ అయితే తల్లి డ్రైవర్ ఒకే రెగ్‌మ్యాప్ తెరవాలి, పిల్లలు 'డెవ్ గెట్ రెగ్‌మ్యాప్'తో దాన్నే తీసుకోవాలి. ఇన్‌పుట్ రిజిస్టర్లను వోలటైల్ (క్యాష్ కాకుండా ప్రతిసారీ చిప్ నుంచే చదవాల్సినవి) అని గుర్తు పెట్టండి. మ్యూటెక్స్ బదులు స్పిన్‌లాక్ పెట్టకండి; ఐ2సి ట్రాన్స్‌ఫర్ మధ్యలో నిద్రపోతుంది, స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోకూడదు. ఇంటరప్ట్‌లో (చిప్ పిలిచినప్పుడు నడిచే కోడ్) చదవాలంటే, నిద్రపోగల థ్రెడెడ్ ఇంటరప్ట్ వాడండి, వన్‌షాట్ ఫ్లాగ్‌తో.

అదే బస్సు మీద ఇంకో మాస్టర్ (బస్సుని నడిపే మరో బోర్డు) ఉండి గొడవైతే సాధారణంగా మైనస్ 11 ఎర్రర్ వస్తుంది; అరుదు. టిసిఎ9548 మక్స్ (ఒక ఐ2సి బస్సుని పలు శాఖలుగా మార్చే చిప్) ఛానెల్‌ని స్క్రిప్టుతో మార్చేవాళ్లది కూడా ఇదే రోగం: మక్స్ డ్రైవర్‌కి అప్పగించి స్క్రిప్టు తీసేయండి.